క్లైవ్ కోసి పంచిన కేబులు

మా ఊరు విర్రబిండిలో ఏ వస్తువుకీ ఒక్క జన్మతో ముక్తి ఉండదు. ట్రాక్టరు టైరు అరిగితే గొర్రెలకి నీళ్ళ తొట్టి అవుతుంది. తొట్టి చిల్లిపడితే మావిస్ హోలాండ్ ఇంటిముందు పూలమడి అవుతుంది. కరువులు నేర్పిన బుద్ధి అది, వానలు దండిగా కురిసిన ఏడు కూడా పోదు. చెత్తదిబ్బకి బండి నిండా సామాను తీసుకెళ్ళి, అంతకంటే నిండుగా వెనక్కి తెచ్చుకునేవాళ్ళు మా ఊళ్ళో తక్కువేం కాదు. అలాంటి ఊళ్ళో క్లైవ్ పెంగెల్లీ ఒక పాత కేబుల్ని పారెయ్యకుండా ఇంటికి తెచ్చుకున్నాడంటే అతన్ని తప్పుపట్టడం అన్యాయం.

క్లైవ్ ఊరికి ఉత్తరాన గొర్రెల బీళ్ళ మధ్య, నక్షత్రాల నుంచి వచ్చే రేడియో అలల్ని పట్టే పెద్ద డిష్ దగ్గర ఎలక్ట్రికల్ ఫిట్టరు. కుర్రతనంలో మీసం మొలుస్తుండగా చేరాడు, ఇప్పుడా మీసం తెల్లబడింది. మనిషి పొడగరి, మాట పొదుపరి. డిష్‌ని ఏ నక్షత్రం మీదికి తిప్పమంటే దానిమీదికి తిప్పుతాడు, గాలి ముదిరితే దాని నోరు నడినెత్తి ఆకాశానికి ఎత్తి నిలబెడతాడు, తీగలు తెగితే అతుకుతాడు. శాస్త్రవేత్తలు వస్తారు, పోతారు. క్లైవ్ ఉంటాడు.

ఆ డిష్ చేసే పనుల్లో అతనికి బాగా నచ్చిన పని పల్సర్లని వినడం. పెద్ద నక్షత్రం పేలిపోగా మిగిలిన గుండెకాయ ఒక ఊరంత ముద్దగా కుంచించుకుపోయి, బొంగరంలా గిర్రున తిరుగుతూ ఉంటుంది. తిరిగినప్పుడల్లా ఒక రేడియో మెరుపు మనవైపు విసురుతుంది. ఆ టిక్కుటిక్కు ఎంత క్రమంగా ఉంటుందంటే సిడ్నీ రైలు కంటే వెయ్యిరెట్లు నమ్మొచ్చు. మా రైలు సంగతి తెలిసినవాళ్ళు ఇదీ ఒక గొప్పేనా అంటారనుకోండి.

ఆ టిక్కులు ఎందుకు వినాలంటే, ఎక్కడో దూరాన రెండు గెలాక్సీలు ఢీకొని ఒకటైపోతాయి. వాటి నడిమధ్య ఉన్న కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం మొదలుపెడతాయి. ఆ తిరుగుడుకి ఆకాశం తనే అలలా సాగి ముడుచుకుంటుంది. వీటినే గురుత్వ తరంగాలంటారు. తాపీ అలలు ఇవి, ఒక్కటి మనల్ని దాటడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. అలాంటి జంటలన్నిటి అలలూ కలిస్తే సన్నటి హోరు. ఆ హోరు ఎంతుందో తేలితే గెలాక్సీలు ఎన్ని, ఎప్పుడెప్పుడు కలిసిపోయాయో, ఈ విశ్వం ఇలా గూడుకట్టుకుని ఎలా పెరిగిందో లెక్కకి అందుతుంది. అల వెళ్తున్నప్పుడు ఒక దిక్కునున్న పల్సర్ల టిక్కు పిసరంత ముందొస్తుంది, అడ్డదిక్కునున్న వాటిది పిసరంత వెనకబడుతుంది.

క్లైవ్ భార్య బెవ్ దీన్ని ఒక్క ముక్కలో తేల్చేసేది. బెవ్ స్కూలు బస్సు నడిపేది, నోరు కూడా అంతే జోరుగా నడిపేది. పెరట్లో ఆరిన దుప్పటి చెరో కొస పట్టుకుని మడతపెడుతూ, "ఇటు లాగితే అటు ముడుచుకుంటుంది. అంతేగా నువ్వు చెప్పేది? ఇది తెలుసుకోడానికి మీకందరికీ ఇన్నేళ్ళా?" అనేది. క్లైవ్ తన కొస తెచ్చి ఆమె చేతికిచ్చేవాడు. నిజంగానే అంతే మరి.

చుంచెలుకల ఏడు వచ్చింది. ఆ ఏడు సంగతి మా వాళ్ళనడిగితే ఇప్పటికీ ముక్కు మూసుకుంటారు. పంట బాగా పండింది, పంటతో పాటు ఎలుకలూ పండాయి. గడ్డివాముల్లో, కారు ఇంజన్లలో, పక్కబట్టల్లో, పిల్లల బూట్లలో, ఎక్కడ చూసినా అవే. కనబడ్డ తీగనల్లా కొరికేశాయి. డిష్ బురుజు కింది గదిలో అతి నిక్కచ్చి గడియారం ఒకటుంది. దాని టిక్కుని, పల్సర్ల టిక్కులకి వేళ వేసే పైనున్న యంత్రానికి మోసుకెళ్ళే ఆకుపచ్చ కేబులు కూడా వాటి పళ్ళకి బలైపోయింది. ఎప్పుడో పాత తరం ఫిట్టర్లు నేలకింద చుట్టలు చుట్టలుగా వదిలి వేసిన కేబులది. ఎంత పొడవో ఎవరికీ తెలియదు. సంగతి తెలిసిన ఉదయమే క్లైవ్ దాన్ని పీకి, కొత్త కేబులు లాగి, డిష్‌ని మళ్ళీ పనిలో పెట్టాడు.

అలాంటి మార్పు చేస్తే వెంటనే లెక్కల వాళ్ళకి చెప్పాలి. అది అక్కడ నియమం. గడియారం టిక్కు పొడుగు కేబుల్లో కాస్త ఆలస్యంగా చేరుతుంది, పొట్టి కేబుల్లో కాస్త ముందు. రెప్పపాటుని పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత తేడా. ఆ ముక్కే వాళ్ళకి ప్రాణం. క్లైవ్ చెప్పడానికి ఫోను చేతిలోకి తీసుకున్నాడు. అదే చేతిలో ఫోను మోగింది. బస్సు డిపోలో బెవ్ మెట్లమీదే కూలబడిపోయిందని, మెదడులో నరం చిట్లిందని చెప్పారు. అతను టోపీ కూడా మరిచిపోయి పరుగెత్తాడు.

బెవ్ ఆ వారం దాటలేదు.

పాత కేబులు అతని బండి వెనకే పడి ఉంది. తరవాత నెలల్లో దానికి ఒక్కొక్క జన్మా దొరికింది. పక్కింటి మావిస్ కోళ్ళగూటి తలుపు ఊడితే ఒక ముక్క. డిష్ దగ్గర తోటి పనివాడు వారిక్ ఇంగ్రామ్ కుక్క తాళ్ళన్నీ కొరికేస్తుంటే దానికొక ముక్క. క్రికెట్ మైదానంలో తెర నిలబెట్టడానికి ఒకటి. సంఘం హాలు మీద నీళ్ళ ట్యాంకు మూతకి ఒకటి. తన టొమాటో కర్రలకి రెండు. ఇక ఒక ముక్క శ్మశానంలో. పేరు చెక్కిన రాయి పెట్టించేదాకా ఉంటుందని బెవ్ సమాధికి రెండు చెక్కలతో శిలువ చేశాడు. పడమటి గాలికి అది వాలిపోతుంటే ఒకరోజు వెళ్ళి ఆ కేబులుతో ఒక ఇనుప కమ్మీకేసి చుట్టుమీద చుట్టు బిగించి కట్టాడు. గాలికి మళ్ళీ వాలలేదు. రాయి మాత్రం రాలేదు. మావిస్ అడిగినప్పుడల్లా "చూద్దాంలే" అనేవాడు. మూడేళ్ళు గడిచాయి.

ఈ మూడేళ్ళ లెక్కలు తీయడానికి మెల్‌బోర్న్ నుంచి ఎలేనీ కరాస్ అనే అమ్మాయి వచ్చింది. చిన్నపిల్ల, పెద్ద కళ్ళద్దాలు, వాళ్ళమ్మ చేసి పంపిన కొబ్బరి బిస్కెట్లు డబ్బాడు. వచ్చిన నెలలోపే ఒకరోజు పదిగంటల టీ వేళకి మొహం వేలాడేసుకుని ల్యాప్‌టాప్ తెచ్చి బల్లమీద పెట్టింది.

"ఇది చూడండి. పల్సర్లన్నీ ఒకే వారంలో, ఒకే పాటి, ఒకే వైపుకి గెంతాయి."

వారిక్ బిస్కెట్ నములుతూ అన్నాడు. "దేవుడు గడియారం సరిచేసుకున్నాడేమోలే."

"దేవుడైతే ఒకదాన్ని అటూ ఒకదాన్ని ఇటూ గెంతిస్తాడు వారిక్. అన్నీ ఒకేలా గెంతాయంటే తప్పు ఆకాశంలో లేదు. ఇక్కడే, మనింట్లోనే ఉంది."

"ఏ వారం?" అని అడిగాడు క్లైవ్.

ఆమె చెప్పింది. క్లైవ్ టీ కప్పు కింద పెట్టాడు.

"అది నేనే అమ్మాయ్. ఎలుకలు కొరికితే కేబులు మార్చాను. ఎవరికీ చెప్పలేదు. చెబ్దామని ఫోను తీశాను... తరవాత మర్చిపోయాను."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ పిల్ల ఒక్క నెలలో పట్టేసింది, దొంగ కూడా అడక్కుండానే ఒప్పేసుకున్నాడు. వారిక్ నమలడం ఆపేశాడు. ఆ వారం ఏ వారమో అతనికి తెలుసు, శవపేటిక మోసినవాళ్ళలో అతనూ ఒకడు. ఎలేనీకి తెలియదు.

"హమ్మయ్య, కారణం దొరికింది. కొత్త కేబులు పొడవు మనకి తెలుసు. పాతది కూడా కొలిస్తే తేడా తీసేయొచ్చు. పాతది ఉందా? పారేశారా?"

"పారెయ్యడమా?" వారిక్‌కి నవ్వాగలేదు. "ఈ ఊళ్ళోనా? అందులోనూ క్లైవా? నీ కేబులు కావాలంటే నా కుక్కనడుగు తల్లీ. ఇస్తుందో లేదో నేను చెప్పలేను."

క్లైవ్ ఏ ముక్క ఎక్కడుందో చెప్పుకొచ్చాడు. కోళ్ళగూడు, కుక్క, క్రికెట్ తెర, నీళ్ళ ట్యాంకు, టొమాటోలు. అక్కడ ఆగిపోయాడు. మిగిలిన ముక్క సంగతి అతనికి గుర్తులేక కాదు. నోటిదాకా వచ్చింది, నోరు దాటలేదు.

"పాత కేబులు పొడుగ్గా ఉంటే నీకు మంచిదా, పొట్టిగా ఉంటేనా?" అనడిగాడు.

"తెలీదు. తెలుసుకోను కూడా. ఫలితం మూసిపెట్టాను. పొడవు తేలి, ఇదే పొడవని అందరం ఒప్పుకున్నాకే తెరుస్తాం. ముందే చూశామంటే కొలిచే చెయ్యి అటే జారుతుంది. నాదైనా, మీదైనా."

"నా చెయ్యి జారదు."

"నాది జారుతుంది క్లైవ్. అందుకే చూడను."

ఈ మాట క్లైవ్‌కి నచ్చింది. పిల్ల గట్టిదే అనుకున్నాడు.

కేబులు వేట మొదలైంది. మావిస్ గ్రామీణ మహిళా సంఘానికి అధ్యక్షురాలు. పొద్దున ఆమె చెవిన పడ్డ మాట మధ్యాహ్నానికి ఊరంతా తిరిగొస్తుంది. క్లైవ్‌కి పాత కేబులు ముక్కలు కావాలట, లేకపోతే డిష్ పని పాడైపోతుందట అని తెలిసేసరికి జనం కదిలారు. మంచివాళ్ళే పాపం, అదే వచ్చిన చిక్కు. గారేజీల్లో వెతికి నల్ల కేబులు, ఎర్ర కేబులు, టీవీ కేబులు, ఒకాయనైతే పాత వాషింగ్ మెషీన్ గొట్టం కూడా తెచ్చి హాలు గుమ్మంలో పోశారు. "ఇంకా కావాలంటే చెప్పు క్లైవ్, మా బావగారి దగ్గర బోలెడుంది" అంటూ భుజం తట్టి వెళ్ళారు. కావల్సింది ఎక్కువ కేబులు కాదు, సరైన కేబులు అని చెప్పీ చెప్పీ క్లైవ్‌కి తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి హాలు నేలమీద అసలు ముక్కలన్నీ వరసగా పరిచారు. క్లైవ్ కటింగ్ ప్లయర్ అంచు ఒకచోట విరిగి ఉండేది, కోసినప్పుడల్లా రెండు కొసల మీదా జంటగా చిన్న నొక్కు పడేది, ఒక్కో కోతకి ఒక్కో తీరు. ఆ నొక్కు పట్టుకుని ఏ ముక్క పక్కన ఏ ముక్క రావాలో జతలు కుదిర్చారు. ఎలేనీ మోకాళ్ళమీద పాక్కుంటూ వెళ్ళి మధ్యలో ఆగింది.

"ఈ రెండు కొసలూ కలవట్లేదు. ఇక్కడ ఒక ముక్క తక్కువుంది."

క్లైవ్ కిటికీలోంచి బయటికి చూశాడు. "ఎక్కడో పోయి ఉంటుంది" అన్నాడు.

మావిస్ చేతిలో టేపు అలాగే ఆగింది. బెవ్ సమాధికి ప్రతి ఆదివారం పూలు పెట్టేది ఆమే. ఆకుపచ్చ కేబులు అక్కడ దేన్ని పట్టుకుని ఉందో ఆమెకి తెలుసు. ఏదో అనబోయి క్లైవ్ మొహం చూసి మింగేసింది. జీవితంలో మావిస్ మాట మింగిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

అబద్ధమాడటం అతనికి అలవాటు లేదు, అందుకని బాగా ఆడలేకపోయాడు. బయటికొచ్చాక వారిక్ పక్కన చేరాడు.

"ఏముందిలేరా. అలాంటిదే ఓ ముక్క కోసి మధ్యలో పడెయ్. ఆ పిల్లకేం తెలుస్తుంది?"

"ఎంత ముక్క?"

"ఎంతో కొంత."

"ఎంతో కొంత అయితే ఆ పిల్లకి నేనెందుకురా, పాచికలు చాలు" అని బండెక్కి వెళ్ళిపోయాడు క్లైవ్.

దొంగముక్క వేయలేడు, అసలు ముక్క తేలేడు. అడకత్తెరలో పోకచెక్కలా అయింది అతని పని. శిలువ విప్పడమంటే రాయి పెట్టించాలి. రాయి పెట్టించడమంటే బెవ్ పేరు, పక్కన రెండు తేదీలు, చెక్కించాలి. చెక్కింది ఇక చెరగదు. అదంతా ఒక్క కేబులు ముక్కకి ముడిపడి ఉందని ఎవరితో చెప్పుకుంటాడు? చెబితే మాత్రం, పెద్ద పెద్ద గెలాక్సీల సంగతి పక్కన ఇదీ ఒక సంగతేనా అనుకోరూ? అనుకోరు. కానీ అతనలా అనుకున్నాడు.

వారం తిరిగాక ఎలేనీ వచ్చి అతని పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. డిష్ అప్పుడు ఒక పల్సర్ మీదుంది, తెరమీద టిక్కులు సాగుతున్నాయి.

"మెల్‌బోర్న్‌తో మాట్లాడాను. ఆ ముక్క దొరక్కపోతే చేసేదేం లేదు. గెంతు తరవాతున్నదంతా తీసేస్తున్నాను."

"తీసెయ్యడమంటే?"

"ఆ మూడేళ్ళూ. గెంతు ఇంతుంటుందిలే అని ఊహించి సరిచెయ్యొచ్చు. కానీ అల కూడా నిదానంగానే లేస్తుంది కదా. సర్దుబాటులో అలని కూడా కొంత మనమే సర్దేస్తాం. అతుకేదో అలేదో రేపు ఎవరూ చెప్పలేరు. అందుకని ఆ మూడేళ్ళూ లేనట్టే అనుకుంటాం."

"లేనట్టే" అన్నాడు క్లైవ్.

"సారీ క్లైవ్. తప్పంతా మీదే అని కాదు..."

అతనికి ఆ మిగతా మాటలు వినబడలేదు. ఆ మూడేళ్ళలో క్లైవ్ ఏం చేశాడో మాకు తెలుసు. ఏం చెయ్యలేదు. క్రికెట్‌కి రాలేదు, క్లబ్బుకి రాలేదు, క్రిస్మస్‌కి మావిస్ పిలిస్తే తలనొప్పన్నాడు. బెవ్ బూట్లు గుమ్మంలోంచి తియ్యలేదు. డబ్బాల్లో సూపు వేడిచేసుకు తిన్నాడు. ఒక్కటి మాత్రం మానలేదు. తన షిఫ్టుకి తప్పకుండా వచ్చాడు, ఒకరికి బదులు కూడా వచ్చాడు. పల్సర్ తరవాత పల్సర్, ఒక్కొక్కదాని మీదికీ డిష్ తిప్పి, అది టిక్కుమంటుంటే ఎదురుగా కూర్చున్నాడు. మనిషి నిలబడి ఉన్నాడంటే ఆ కుర్చీ వల్ల నిలబడ్డాడు. ఇప్పుడా కుర్చీలో గడిపిందంతా లేనట్టే. ఈ పిల్ల తప్పేం లేదు. ఆ మూడేళ్ళని తుడిచేస్తున్నది తనే.

తెల్లారి టొమాటో మడి దగ్గర మావిస్ కంచె అవతల నుంచి కేకేసింది. క్లైవ్ చేతిలో ప్లయరుంది.

"ఎక్కడికి?"

"ఎక్కడికో నీకు తెలుసుగా."

"తెలుసు. వారం నుంచి చూస్తున్నా, కక్కలేక మింగలేక ఛస్తున్నావ్. ఉండు, టోపీ పెట్టుకొస్తా."

"నిన్ను రమ్మన్నానా?"

"బెవ్ నీకు పెళ్ళాం కాకముందు నాకు స్నేహితురాలు. నోర్మూసుకుని బండి తియ్."

ఆవాల పూలలాంటి కనోలా పూలు దారికి రెండువైపులా పసుప్పచ్చగా కళ్ళు చెదిరేలా ఉన్నాయి. శ్మశానంలో ఎవరూ లేరు, గేటుమీద గులాబిరంగు గాలా పిట్టలు మాత్రం కిచకిచలాడుతున్నాయి. శిలువ చెక్కలు ఎండకి నెరిసిపోయాయి. కేబులు మాత్రం కట్టినప్పుడు ఎంత బిగువో ఇప్పుడూ అంతే.

క్లైవ్ మోకాళ్ళమీద కూర్చుని ముడి విప్పబోయాడు. రాదే! మూడేళ్ళ ఎండకి తొడుగు గట్టిపడి చెక్కలోకి దిగిపోయింది. కోసేస్తే క్షణం పని. కానీ కోస్తే ఎండిన తొడుగు చిట్లి కొసలు రాలిపోతాయి, కొలతలో పిసరు పోతుంది. అందుకని కొయ్యలేదు. వేళ్ళతో, ప్లయర్ ముక్కుతో, ఒక్కొక్క చుట్టూ కదిలిస్తూ కూర్చున్నాడు. ఎండెక్కింది. ఈగలు మొహాన ముసిరాయి. మావిస్ తన టోపీతో విసురుతూ నిలబడింది.

"ఎవరు కట్టారో గానీ దొంగవెధవ, బాగా కట్టాడు" అన్నాడు క్లైవ్.

"ఊడిపోకూడదనేగా కట్టావ్."

"అవును" అన్నాడు. అంత్యక్రియల నాడు కూడా ఏడవని మనిషి ఆ కేబులు పట్టుకుని భుజాలు ఎగిసిపడేలా ఏడ్చాడు. మావిస్ వెన్ను తట్టలేదు, ఊరుకోమనలేదు. పక్కనే గడ్డిలో చతికిలబడి, అతను విప్పిన కేబులు నలగకుండా చేతికి చుట్టుకుంటూ కూర్చుంది. చివరి చుట్టు ఊడగానే అడ్డచెక్క జారి అతని ఒళ్ళో పడింది.

హాల్లో ఆ ముక్క పెట్టగానే రెండు కొసలూ రెండు నొక్కుల్లో సరిగ్గా కూర్చున్నాయి. అది ఎక్కడ దొరికిందని ఎలేనీ అడిగింది. క్లైవ్ దాచలేదు. పోయిందన్నది అబద్ధమని కూడా చెప్పాడు. ఎలేనీ చేతిలో టేపు కింద పెట్టింది.

"నాకు తెలిస్తే అడిగేదాన్నే కాదు" అంది.

"అందుకే చెప్పలేదు. టేపు పట్టు."

మావిస్ ఒక కొస, వారిక్ ఒక కొస పట్టుకున్నారు, ఎలేనీ కొలిచింది. మళ్ళీ ఇంకొకరు కొలిచారు, మొదటి అంకె చూడకుండా. రెండూ కలిశాయి. అప్పుడు గానీ మూసిపెట్టిన లెక్క తెరవడానికి ఆమె ఒప్పుకోలేదు.

తెరిచింది మర్నాడు, పదిగంటల టీ వేళకే. ఎవరూ టీ ముట్టుకోలేదు. పాత పొడవు లెక్కలో వెయ్యగానే తెరమీద ఆ మెట్టు, పల్సర్లన్నీ గెంతిన ఆ మెట్టు, లేకుండా పోయింది. ముందూ వెనకా గీత ఒకే గీతగా కలిసిపోయింది. ఎలేనీ ఇంకో మీట నొక్కింది. ఆ హోరు అక్కడుంది. ఇదివరకటి కంటే ఒక వీసం గట్టిగానే ఉంది. కానీ ఇది హోరే, ఇంకేం కాదు అని ఒట్టేసి చెప్పేంత గట్టిగా మాత్రం లేదు.

ఎలేనీ కళ్ళద్దాలు తీసి కళ్ళొత్తుకుంది. "ఇంకా చాలదు. ఇంకొన్నేళ్ళు వినాలి. నేనైతే... సారీ క్లైవ్. మీరు అంత పని చేశాక, ఇంతకంటే పెద్దది చేతిలో పెట్టాలనుకున్నాను."

"ఆ మూడేళ్ళూ ఉంచుతావా?"

"ఉంచుతానా? అవి లేకపోతే ఈ కాస్తా ఉండేది కాదు." ఆమె తెర అతని వైపు తిప్పింది. "ఇదిగో, ఈ చుక్కలన్నీ ఆ మూడేళ్ళవే. ఒక్కో చుక్కా ఒక్కో షిఫ్టు. సగానికి పైగా మీవే."

క్లైవ్ ముందుకి వంగి చుక్కల వరస వెంట వేలు పోనిచ్చాడు. బెవ్‌ని పూడ్చిపెట్టిన మరుసటి వారం దగ్గర వేలు ఆగింది.

"ఇది బాగుందా?"

ఎలేనీ చూసింది. "చాలా బాగుంది. మచ్చలేదు. ఎందుకు?"

"ఆ రోజు నాకేం గుర్తులేదు. వచ్చానో లేదో కూడా. ఏదో పాడు చేసే ఉంటాననుకున్నాను."

"ఏం పాడు చెయ్యలేదు. వచ్చారు. పని చేశారు."

క్లైవ్ ఆ చుక్క మీదినుంచి వేలు తీశాడు. ఆ మూడేళ్ళు ఏం చేశావని అడిగితే తన దగ్గర చెప్పడానికేం లేదని నమ్మినవాడతను. చెప్పడానికి ఇప్పుడు ఇదుంది. లేచి, కప్పు కడిగి బోర్లించి, వారిక్ వైపు తిరిగాడు.

"రేపు నా షిఫ్టు నువ్వు చెయ్యి. నేను రాను."

మూడేళ్ళలో ఆ మాట అతని నోట ఎవరూ వినలేదు. వారిక్ దగ్గర ఎప్పుడూ ఉండే వేళాకోళం ఆ పూట ఎక్కడికో పోయింది.

"చేస్తాలే. ఎక్కడికెళ్తున్నావ్?"

"రాయి చూడ్డానికి" అన్నాడు క్లైవ్.